ప్రభుదాసు బదులు

తిరువూరు మెయిన్ రోడ్డులో వెంకటకృష్ణారావు గారి కిరాణా కొట్టు తెలియనివాళ్ళు తక్కువ. ఆయన ఒక్కగానొక్క కొడుకు ఉదయ్ కుమార్. కొట్టులో కూర్చోమంటే కూర్చోకుండా విజయవాడ వెళ్ళి హోటల్ మేనేజ్‌మెంటు చదివాడు. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో చేరి, పైవాళ్ళతో పడక వదిలేశాడు. తిరిగొచ్చి బస్టాండు దగ్గర మెస్సు పెట్టాడు. చేతి రుచికి పేరొచ్చింది గానీ రెండో వేసవికల్లా అదీ మూతపడింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ వంటలు ఒప్పుకుంటూ కాలం గడిపాడు. కొడుకు ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే వెంకటకృష్ణారావు గారు కాటా వైపు చూస్తూ, "మావాడు మొదలెట్టని పని లేదండి. చివరిదాకా చేసిందే లేదు," అనేవారు. కోపంగా కాదు, కందిపప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. లోపల బస్తాల దగ్గరున్న ఉదయ్‌కి ఆ మాట వినపడుతూనే ఉండేది.

అలాంటి ఉదయ్ ఒకరోజు ఫోనులో, అంటార్కిటికా యాత్రకి వంటవాళ్ళు కావాలన్న ప్రకటన చూశాడు. ఆ మంచు ఖండంలో మన దేశపు పరిశోధన కేంద్రంలో చలికాలమంతా ఉండిపోయే బృందానికి ఏడాదికి పైగా వండిపెట్టాలి. ఇంట్లో చెప్పకుండానే దరఖాస్తు పెట్టాడు. యాత్ర ఆఫీసున్న గోవాకి రమ్మని పిలుపొచ్చాక మాత్రం చెప్పక తప్పలేదు.

అక్కడ పరిచయమైనవాడు ప్రభుదాసు. కొత్తగూడెంలో ఒక క్యాంటీన్లో వంటమేస్త్రీ. ఉదయ్ కంటే వయసులో బాగా పెద్ద. మిగిలినవాళ్ళంతా హిందీలో మాట్లాడుకుంటుంటే తెలుగు వినపడేసరికి ఇద్దరూ దగ్గరయ్యారు. వంట పరీక్షలో మాంసం కూర చేయమన్నారు. ఉదయ్ వాళ్ళింట్లో గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాలేదు. చదువులో మాంసం వండటం నేర్చుకున్నాడే గానీ ఏనాడూ నోట పెట్టలేదు. ఆ రోజు రుచి చూసి చెప్పేవాళ్ళు లేక కూరలో ఉప్పు ఎక్కువైంది. ప్రభుదాసు కూర గిన్నె అడుగు కనపడేదాకా ఖాళీ అయింది.

అయినా ఇద్దరినీ మంచు శిక్షణకి హిమాలయాలకి పంపారు. ఒకరు వెళ్తారు, ఇంకొకరు రిజర్వులో ఉంటారు, ఎవరు ఏదన్నది తర్వాత చెప్తామన్నారు. ఆ ఎత్తులో మొదటి రెండు రోజులూ ఉదయ్ తల ఎత్తలేకపోయాడు. తిన్నది తిన్నట్టు కక్కుకున్నాడు. ప్రభుదాసే వేణ్ణీళ్ళు తాగించాడు, పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దాడు.

"మనిద్దర్లో ఎవరు పోయినా పప్పుచారు పోతది గదా తమ్ముడూ. దిగులెందుకు," అన్నాడు.

ఉదయ్ నవ్వాడు. ఆ మాట ఆ రోజు నిజంగానే నమ్మాడు.

గోవా ఆఫీసు నించి ఫోను వచ్చినప్పుడు ఉదయ్ కొట్టులోనే ఉన్నాడు. తండ్రి ఎవరికో మినప్పప్పు తూస్తున్నారు. ప్రభుదాసు ఎంపికయ్యాడనీ, ఉదయ్ రిజర్వులో ఉన్నాడనీ, బయల్దేరే రోజు వరకూ ఎప్పుడు పిలిచినా రావటానికి సిద్ధంగా ఉండాలనీ అవతలి గొంతు మర్యాదగా చెప్పింది. "అలాగే సార్, థాంక్యూ సార్," అని పెట్టేశాడు.

"ఏమన్నార్రా?" అన్నారు తండ్రి, కాటా మీంచి చూపు తిప్పకుండా.

ఉదయ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మన పేరుందన్నారు నాన్నా. బయల్దేరటానికి సిద్ధంగా ఉండమన్నారు."

రెండు మాటలూ నిజమే. వెంకటకృష్ణారావు గారు తూస్తున్న పప్పు అలాగే వదిలేసి, కొనటానికొచ్చిన మనిషిని నిలబెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి ఎదుటి మందుల షాపులోకి వెళ్ళిపోయారు. కొనేవాళ్ళు ఎదురుగా ఉండగా ఆయన కొట్టు దిగటం ఉదయ్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మందుల షాపాయన రెండు చేతులతో తండ్రి చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తే సరిపోతుంది అనుకున్నాడు ఉదయ్. తండ్రి ముఖం అంత తేటగా ఉండటం చూసి, రేపు చెప్తాలే అనుకున్నాడు.

మర్నాటికి బోసు బొమ్మ సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. ఎక్కణ్ణించో తెచ్చిన బొచ్చుకోటు బొమ్మకి ఉదయ్ తల అతికించి, చుట్టూ పెంగ్విన్లు నిలబెట్టి, కింద "దక్షిణ ధ్రువానికి తిరువూరు ముద్దుబిడ్డ" అని వేయించారు. వేయించింది నాన్నే. ఉదయ్ ఆ పూట నించి బస్టాండు వైపు వెళ్ళాల్సొస్తే వెనక సందుల్లోంచి వెళ్ళటం మొదలుపెట్టాడు.

ఇంట్లో ప్రయాణపు హడావిడి మొదలైంది. వంటవాడికే వంటకాలు మోసుకొచ్చారు ఊళ్ళో వాళ్ళు. తల్లి శ్యామలాదేవి హాల్లో చాప పరిచి, వచ్చిన సీసాలన్నీ దానిమీద పేర్చింది. ఆవకాయ, గోంగూర, చింతకాయ తొక్కు, కరివేపాకు కారం. వెనక వీధి సీతారావమ్మ గారు మాగాయ జాడీ చంకన పెట్టుకుని ఎండలో నడిచొచ్చారు. ఆమెది చల్లపల్లి వారి తోట మామిడి, ఊళ్ళో ఎవరికీ ఊరికే ఇవ్వరు.

"అక్కడ సైంటిస్టులకి ముందు ఇది పెట్టు నాయనా. ఎవరు చేశారని అడిగితే నా పేరు చెప్పు," అన్నారావిడ.

కూరగాయలమ్మే హన్నమ్మ గుమ్మంలోనే నిలబడి, కొంగులో కట్టుకొచ్చిన గుమ్మడి వడియాలు విప్పింది. "అక్కడ ఎండే ఉండదంటగా బాబూ. ఇవి మంచి ఎండలో పెట్టినయ్యి. గట్టిగా ఎండినయ్యి," అంది.

ఉదయ్ రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. ఇప్పుడు ఈమెతో ఏం చెప్పాలి? అమ్మా, నేను వెళ్తానో లేదో తెలీదు, ఇంకెవరైనా ఆగిపోతేనే నాకు దారి, ఇవి పట్టుకెళ్ళి మీ మనవలకి వేయించి పెట్టు అనాలి. అనలేదు. వడియాలు చాపమీద మిగతా వాటి పక్కన పెట్టి, మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నాడు.

భార్య సాయిప్రసన్న ఏడాదికి సరిపడా బట్టలు ఉతికి మడతపెట్టేది. మడతపెడుతూ మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకునేది. ఉదయ్ చూడనట్టు పక్కగదిలోకి వెళ్ళేవాడు.

ఆర్యవైశ్య సంఘం వాళ్ళు కల్యాణ మండపంలో సన్మానం పెట్టారు. శాలువా కప్పారు. మైకు పట్టుకున్న పెద్దాయన ధ్రువం అంచున నిలబడి మన ఉదయ్ జెండా ఎగరేస్తాడని చెప్పాడు. ఉదయ్ లేచి, "ధ్రువం కాదండి. మేముండేది ఒడ్డు వైపు, ధ్రువానికి అక్కణ్ణించి చాలా దూరం," అన్నాడు. అంత చిన్న తప్పు కూడా ఒప్పుకోని నిజాయితీ అని అందరూ చప్పట్లు కొట్టారు. తండ్రి మొదటి వరసలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు. శాలువా కింద ఉదయ్ ఒళ్ళంతా చెమట పట్టింది. నిజం చెప్పగలిగిన చోట చెప్పాడు. ఏ చోట చెప్పాలో అక్కడ మళ్ళీ దాటేశాడు.

ఆ సాయంత్రం కూతురు భువన స్కూల్లో చెప్పటానికి అంటార్కిటికా గురించి రాసుకుంటూ కూర్చుంది. అయిదో తరగతి.

"నాన్నా, మీలో ఎవరికైనా జ్వరమొచ్చి రాలేకపోతే అప్పుడెలా?"

"రిజర్వులో ఒకరుంటారమ్మా."

"ఆయన కూడా అన్నీ సర్దుకుంటాడా?"

"సర్దుకుంటాడు."

భువన పెన్సిలు చివర కొరుకుతూ ఆలోచించింది. "ఇంట్లోవాళ్ళకి వెళ్తున్నానని చెప్పేసుంటాడా నాన్నా? తర్వాత పాపం కదా."

ఉదయ్ వంటింట్లో పాలు పొంగుతున్నాయని లేచాడు. పొయ్యి మీద పాలే లేవు.

బయల్దేరే నెల దగ్గరపడుతుండగా తల్లికి నెమలి గ్రామంలో గుడికి వెళ్ళాలనిపించింది. వేణుగోపాలస్వామికి మొక్కుంది. ఉదయ్ ఆమెని బండి మీద కూర్చోబెట్టుకుని గంపలగూడెం మీదుగా తీసుకెళ్ళాడు. దారికి రెండు వైపులా పత్తి ఏరుతున్నారు. గుళ్ళో రద్దీ లేదు. శ్యామలాదేవి కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, నా కొడుకు క్షేమంగా వెళ్ళి క్షేమంగా రావాలని పైకి వినపడేట్టే అంటోంది.

ఉదయ్ కూడా చేతులు జోడించాడు. తన నోట ఏం వస్తుందో అతనికి ముందు తెలీదు. ప్రభుదాసు ఆగిపోవాలి. ఆ మాట అంత సూటిగా, అంత శుభ్రంగా వచ్చింది లోపల. భయపడి వెంటనే సర్దుకోబోయాడు. పెద్దదేమీ వద్దు స్వామీ, చిన్నదే, కాలు బెణికినా చాలు, నాలుగు రోజుల జ్వరమైనా చాలు. బజార్లో బేరమాడినట్టు దేవుడి ముందు తను ఇంకో మనిషి రోగాన్ని తగ్గించి తగ్గించి అడుగుతున్నానని తెలిసేసరికి చేతులు కిందికి దించేశాడు. తల్లి తీర్థం అతని అరచేతిలో పోయించింది. కళ్ళకద్దుకుని తాగలేక, ఆమె అటు తిరిగినప్పుడు తుడిచేసుకున్నాడు.

నెమలి వెళ్ళొచ్చిన వారంలోనే ప్రభుదాసు నించి ఫోను వచ్చింది.

"తమ్ముడూ, చివరి పరీక్షల్లో నా పిత్తాశయంలో రాయి కనపడ్డదట. నొప్పేం లేదు నాకు. కానీ అక్కడ చలికాలంలో అది తిరగబడితే కోసేందుకు దిక్కుండదు, పంపలేమన్నారు. వాళ్ళన్నది న్యాయమే."

"ఆపరేషన్ చేయించుకుని వచ్చే ఏడు..."

"వచ్చే ఏటికి నాకు వయసు దాటిపోతది." అన్నాడు ప్రభుదాసు. "నీకు ఇయ్యాలో రేపో ఫోనొస్తది. ఎత్తు. వేరేవాళ్ళు పోయేకంటే నువ్వు పోవుడే నాకు సంతోషం."

అన్నట్టే మధ్యాహ్నానికి ఆఫీసు నించి పిలుపొచ్చింది. వస్తానని చెప్పాడు. ఫోను పెట్టి హాల్లోకి వచ్చాడు. తల్లి సీసాల మూతలకి గుడ్డ కడుతోంది. తండ్రి పేపరు చదువుతున్నారు. అంటార్కిటికాకి వెళ్తున్నానని అతని జీవితంలో మొదటిసారి నిజంగా చెప్పగలిగిన క్షణం అది. చెప్పటానికి మనిషి లేడు. అందరికీ ఆ వార్త ఎప్పుడో పాతబడిపోయింది.

సాయిప్రసన్న పెరట్లో బట్టలు తీస్తుంటే అక్కడికి వెళ్ళి మొత్తం చెప్పాడు, గుళ్ళో అనుకున్న మాటతో సహా. ఆమె చేతిలో ఉన్న స్వెట్టరు మడతపెట్టటం పూర్తిచేసి గట్టు మీద పెట్టింది.

"అంటే మొన్నటిదాకా మీరు వెళ్తారో లేదో మీకే తెలీదు."

"తెలీదు."

"నేను రోజూ ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నారు."

అతను దండెం మీద మిగిలిన బట్టలు తీయబోయాడు.

"మామయ్యగారికి చెప్పటానికి భయమేసిందంటే అర్థం చేసుకుంటాను. నాకెందుకు చెప్పలేదండి? నేనేమంటాననుకున్నారు?"

అది అతనూ ఆలోచించలేదు. ఆమె ఏమీ అనేది కాదు. అదే నిజం. అబద్ధం అందరికీ ఒకేలా చెప్పటం తేలికని ఆమెకీ చెప్పాడు, అంతే.

"ముందు ఆయన్ని చూసి రండి," అంది సాయిప్రసన్న, బట్టల బుట్ట ఎత్తుకుంటూ. ఆ తర్వాత రెండు రోజులు అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు.

ప్రభుదాసు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాడని తెలిశాక ఉదయ్ సత్తుపల్లి వెళ్ళి అక్కడ కొత్తగూడెం బస్సెక్కాడు. రేకుల వరండాలో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు ప్రభుదాసు. మనిషి కాస్త చిక్కాడు. ఉదయ్‌ని చూడగానే లేవబోతే భార్య ప్రేమావతి భుజం పట్టి కూర్చోబెట్టింది. లోపల్నించి ఒక సంచి తెప్పించాడు ప్రభుదాసు. కొత్త ఉన్ని మేజోళ్ళు, లోపల వేసుకునే మందపాటి బనీన్లు.

"వాళ్ళిచ్చేవి ఉంటయి గానీ ఇవి మెత్తగుంటయి. మనిద్దరిదీ ఒక్కటే సైజు కదా, తీసుకుపో."

సంచి ఒళ్ళో పెట్టుకుని ఉదయ్ ఆగలేకపోయాడు. ఊళ్ళో తను చెప్పింది, ఫ్లెక్సీ, సన్మానం, నెమలి గుడి అన్నీ చెప్పాడు. కాలు బెణకాలని కోరుకున్నానన్న మాట కూడా దాచలేదు.

ప్రభుదాసు రోడ్డు వైపు చూశాడు.

"ఆ రాయి ఏళ్ళ నించి ఉండుంటదని డాక్టరన్నాడు. నువ్వు మొక్కితే పుట్టింది కాదు. ఆ భయం పెట్టుకోకు," అన్నాడు. తర్వాత గొంతు మారింది. "కానీ ఈ మాట నాకెందుకు చెప్పినవు?"

"మీకు తెలియకుండా వెళ్ళటం తప్పనిపించిందన్నా."

"నీకు బరువు దిగింది. ఇన్నాళ్ళూ నా జాగాలో నా తమ్ముడు పోతున్నాడనుకుని నిమ్మళంగా ఉన్నా. ఇగ రేపటి నించి నిన్ను తలుచుకున్నప్పుడల్లా నాకు ఇదే యాదికొస్తది. నువ్వే మోయాల్సింది, తెచ్చి నా మంచం మీద పెట్టినవు."

అతను అరవలేదు. అరిచి ఉంటే ఉదయ్‌కి కొంచెం తేలికగా ఉండేది. క్షమించమని అడగటం కూడా ఇంకేదో అడుక్కోవటమే అవుతుందని తెలిసి సంచి పక్కన పెట్టాడు.

లోపల్నించి ప్రేమావతి భోజనానికి పిలిచింది. ఆమెకి ఈ మాటలేవీ వినపడలేదు. "మీరు నీచు తినరని ఈయన పొద్దున్నే చెప్పిండు. కొత్త గిన్నెలో వేరేగా పప్పు చేసిన," అని కంచంలో వడ్డించింది. ఉదయ్ తలొంచుకుని తిన్నాడు. మారు వడ్డిస్తే వద్దనలేకపోయాడు. వచ్చేటప్పుడు ప్రభుదాసు మంచం మీంచే చెయ్యి ఎత్తాడు. జాగ్రత్త అనలేదు, ఫోను చెయ్యమనీ అనలేదు. సంచి మాత్రం, "మర్చిపోతున్నవు," అని గుర్తుచేశాడు.

తిరిగొచ్చాక ఉదయ్ తండ్రికి చెప్పాడు. మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేనప్పుడు చెప్పాడు. ఈసారి చెప్పి తేలికపడదామని కాదు. తను వెళ్ళాక గోవా నించి ఎవరో ఫోను చేసి ఏదో మాటల్లో అంటే ఆయన నలుగురిలో వినకూడదని. గుడి సంగతి మాత్రం తండ్రికి చెప్పలేదు. అది తనే మోయాలని నిర్ణయించుకున్నాడు.

వెంకటకృష్ణారావు గారు మొత్తం విన్నారు. కాటా పళ్ళెం తుడిచారు, తుడిచిందే మళ్ళీ తుడిచారు.

"సన్మానం రోజుకి నీకు తెలుసు."

"తెలుసు నాన్నా."

"మైకులో నేను కూడా మాట్లాడానురా ఆ రోజు."

"అవును నాన్నా."

"ఇప్పుడు నిజంగానే వెళ్తున్నావు కదా?"

"వెళ్తున్నాను."

ఆయన తలాడించారు. ఇంకెవరికీ చెప్పొద్దన్నారు. అప్పుడొచ్చిన మనిషికి పంచదార తూచి ఇచ్చారు. ఉదయ్ ఎదురుచూసిన మాట, వాడు ఏదీ చివరిదాకా చేయడన్న పాత మాట, ఆయన అనలేదు. ఆ రోజు నించి కొట్టుకొచ్చినవాళ్ళు కొడుకు సంగతి ఎత్తితే, "ఏదో వెళ్తున్నాడండి," అని ఊరుకునేవారు. తండ్రి నోట గొప్పలు వినలేక సందుల్లో తిరిగినవాడికి ఇప్పుడు ఆ మౌనం అంతకంటే కష్టంగా తోచింది.

బయల్దేరే ఉదయం ఇంటిముందు జనం. బరువు లెక్క ప్రకారం సీసాల్లో నాలుగు మాత్రమే పట్టాయి. మిగిలినవి చూసి ఎవరు నొచ్చుకుంటారోనని శ్యామలాదేవి వాటిని చీర కప్పి దాచింది. సంఘం వాళ్ళు దండ వేశారు. ఫోటో తీసేవాడు, "నాన్నగారూ, మీరు ముందుకి రండి," అన్నాడు. వెంకటకృష్ణారావు గారు జనం వెనక అరుగు మీదే నిలబడి, "ఫర్లేదయ్యా, మీరు కానివ్వండి," అన్నారు. ఆ ఫోటోలో ఆయన లేరు.

సాయిప్రసన్నా భువనా గన్నవరం విమానాశ్రయం వరకూ వచ్చారు. లోపలికి వెళ్ళే ముందు సాయిప్రసన్న అతని స్వెట్టరు గుండీ సరిచేసి, "అక్కణ్ణించి మంచీ చెడూ ఏదున్నా నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చలేస్తే చలేస్తోందనే చెప్పండి," అంది. అతను చెప్తానన్నాడు. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. గాలి హోరుకి భయపడ్డ రోజులూ, సూర్యుడు కనపడని నెలల్లో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాని రోజులూ అన్నీ ఆమెకి ఫోనులో చెప్పాడు.

మొదటి క్రిస్మస్‌కి అక్కణ్ణించి కొత్తగూడెం ఫోను చేశాడు. ప్రేమావతి ఎత్తింది. ఆయన డ్యూటీలో ఉన్నాడని చెప్పింది. ఆమె వెనకాల ప్రభుదాసు దగ్గు వినపడింది. ఉదయ్ పండగ శుభాకాంక్షలు చెప్పి పెట్టేశాడు. ఆ తర్వాత ఫోను చేస్తే బాధపెట్టినట్టు, చేయకపోతే మరిచినట్టు అనిపించి, చాలా వారాలు ఎటూ తేల్చుకోలేకపోయాడు.

అక్కడి చలికాలం మధ్యలో, ఇక్కడ జూన్ నెల నడుస్తుండగా, ఒకరోజు ప్రభుదాసే చేశాడు. కుశలం అడగలేదు. అక్కడ పెరుగు తోడుకుంటుందా, ఇడ్లీ పిండి పొంగుతుందా అని అడిగాడు. పొంగుతుందని, పొయ్యి దగ్గర పెట్టాలని ఉదయ్ చెప్పాడు. గాలి ఎలా ఉందని అడిగాడు. ఉదయ్ కిటికీ దగ్గర ఫోను పెట్టి వినిపించాడు. ప్రభుదాసు అంతసేపూ వింటూ ఉండిపోయాడు.

"సరే, పనిచూసుకో," అని పెట్టేశాడు. తమ్ముడూ అని మాత్రం అనలేదు. ఉదయ్ అది గమనించాడు. అడిగే హక్కు తనకి లేదనుకుని, చేతులు కడుక్కుని వంటగదిలోకి వెళ్ళాడు.